పాత రివాల్వర్ల బేరం: కాగితాలకు తనిఖీ, ఉక్కుకు మినహాయింపు

కోల్‌కతా: ఇళ్లు, కార్లు, సెల్‌ఫోన్ల మాదిరిగానే లైసెన్సు కలిగిన పాత రివాల్వర్లు సైతం ఇప్పుడు అంతర్జాల ప్రకటనల ద్వారా చేతులు మారుతున్నాయి. మూడు నాలుగు ఛాయాచిత్రాలు, తయారీదారు పేరు, బోరు, 'కండిషన్ చాలా బాగుంది, తక్కువగా వాడినది' అనే ఒక వాక్యం, ధర నేరుగా మాట్లాడుకుందామన్న సూచన. ప్రకటన సాధారణంగా ఇంతకు మించదు. లక్షల రూపాయల బేరానికి పునాది ఇదే. ఆయుధం ఎవరి పేర ఉంది, ఎవరి పేరుకు మారుతోంది అన్న అంశాలను ప్రభుత్వ యంత్రాంగం అడుగడుగునా పరిశీలిస్తుంది. ఆ ఆయుధం పేల్చినవాడి చేతికి హాని చేయకుండా పనిచేస్తుందా అన్న ప్రశ్నను మాత్రం కొనేవాడి అదృష్టానికే వదిలివేస్తున్నది.

రెండు శతాబ్దాలకు పైగా తుపాకుల తయారీకి, వ్యాపారానికి పేరుపడిన కోల్‌కతాలో ఈ వైరుధ్యం మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ హయాంలో 1801లో కాశీపూర్‌లో నెలకొల్పిన ఫిరంగి బండ్ల కర్మాగారమే నేటి గన్ అండ్ షెల్ ఫ్యాక్టరీ. అక్కడ ఉత్పత్తి ప్రారంభమైన 1802 మార్చి 18వ తేదీనే ఆయుధ కర్మాగారాల దినోత్సవంగా పాటిస్తున్నారు. నగరానికి ఉత్తరాన హుగ్లీ తీరంలోని ఇషాపూర్‌లో తొలుత తుపాకి మందు, 1904 తర్వాత రైఫిళ్లు తయారయ్యాయి. దేశంలోని ఆయుధ కర్మాగారాలన్నింటినీ నడిపించిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయేంతవరకు దాని ప్రధాన కార్యాలయం 'ఆయుధ్ భవన్' ఉన్నది కూడా ఈ నగరంలోనే. ఇక ప్రైవేటు దుకాణాల సంగతి సరేసరి. 1835 నాటి నరసింగ చంద్ర దా సంస్థ మొదలుకొని డల్హౌసీ స్క్వేర్, చౌరంగీ పరిసరాల్లోని తుపాకుల వ్యాపారులు జమీందార్లకు, తేయాకు తోటల దొరలకు, షికారు సరదా గల సంస్థానాధీశులకు తరతరాలుగా సరఫరా చేశారు. నేడు వాడిన ఆయుధాలుగా అమ్మకానికి వస్తున్నవాటిలో చెప్పుకోదగిన భాగం ఆ కాలపు సరుకే కావడం గమనార్హం.

పేరుకే ధర

పాత రివాల్వర్‌కు ఇంతటి గిరాకీ ఎందుకన్నది ముందుగా తెలుసుకోవలసిన విషయం. సైన్యం, పోలీసులు వాడే తూటాలను పేల్చగల పాయింట్ 380, పాయింట్ 455 రివాల్వర్లు, 9 మిల్లీమీటర్ల పిస్తోళ్లు మన దేశంలో నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. స్వీయరక్షణ కోసం లైసెన్సు పొందిన సామాన్య పౌరుడికి ప్రధానంగా మిగిలింది పాయింట్ 32 బోరు. అందులోనూ విదేశీ ఆయుధాలను పౌరులు దిగుమతి చేసుకోవడానికి 1980వ దశకం నడుమ నుంచి దాదాపుగా తలుపులు మూసుకుపోయాయి. క్రీడాకారుల వంటి కొద్దిమందికి మాత్రమే మినహాయింపులున్నాయి. ఫలితంగా అంతకుముందు దేశంలోకి వచ్చిన వెబ్లీ స్కాట్, స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ రివాల్వర్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉండిపోయాయి. కొత్తవి రావు, పాతవి తరుగుతుంటాయి. అమెరికాలో కొన్ని వందల డాలర్లకు లభించే ఆయుధం ఇక్కడ లక్షలు పలకడానికి కారణం దాని పనితనం కాదు, ఈ కొరతే.

స్వదేశీ ఉత్పత్తి ఈ లోటును కొంత పూడ్చింది. కాన్పూర్‌లో తయారైన పాయింట్ 32 రివాల్వర్ పాత వెబ్లీ నమూనాకు దేశీయ రూపం. ఇషాపూర్, కాశీపూర్ కర్మాగారాల నుంచి 'అశని' పిస్తోలు వచ్చింది. 2014 జనవరిలో మహిళల కోసమంటూ విడుదల చేసిన 500 గ్రాముల 'నిర్భీక్' ధరను అప్పట్లో రూ.1,22,360గా నిర్ణయించడం పెద్ద చర్చకు దారితీసింది. ప్రైవేటు రంగానికి అవకాశం కల్పించిన తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే రివాల్వర్ల తయారీ 2020లో మొదలైంది. 2023 ఆగస్టులో ప్రభుత్వ రంగ సంస్థ నుంచి 'ప్రబల్' వచ్చింది. అయినప్పటికీ బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న పాత ఆయుధంపై మోజు తగ్గలేదు. బర్మింగ్‌హామ్ వెబ్లీ కర్మాగారంలో రివాల్వర్ల తయారీ 1970వ దశకంతోనే ముగిసింది. అంటే అక్కడి రివాల్వర్ ఎంత కొత్తదైనా నేటికి నాలుగు దశాబ్దాలు దాటినదే. చాలామటుకు అరవై, డెబ్బై ఏళ్లనాటివి.

సరుకు కొరత ఉన్న బజారులో నాణ్యత గురించి అడిగే ధైర్యం కొనేవాడికి ఉండదు. గ్యాస్ కనెక్షన్ కోసం, టెలిఫోను కోసం, స్కూటర్ కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలుచున్న తరానికి ఈ అనుభవం కొత్త కాదు. లైసెన్సు కోసం నెలల తరబడి తిరిగి, ఆయుధం కొనేందుకు ఇచ్చిన గడువు కరిగిపోతుండగా, ప్రకటన కంటబడిన వ్యక్తి బేరం కుదుర్చుకోవడానికే తొందరపడతాడు. గొట్టం లోపల ఎలా ఉందని అడిగితే అమ్మకందారు మరొకరిని చూసుకుంటాడేమోనన్న భయం అతడిది.

ఛాయాచిత్రం చెప్పనిది

ఛాయాచిత్రంలో స్పష్టంగా కనిపించేది ఉక్కుపై ఉన్న నీలిరంగు పూత, పిడిపై ఉన్న నగిషీ. రివాల్వర్ ఆరోగ్యానికి ఈ రెండింటితో సంబంధం స్వల్పం. అసలు పరీక్ష కంటికంటే చేతికి, చెవికి చెందింది.

తుపాకుల మరమ్మతుదారులు పాటించే పద్ధతిలో మొదటి పని సిలిండర్ తెరిచి ఆరు అరలూ ఖాళీగా ఉన్నాయని ఒకటికి రెండుసార్లు నిర్ధారించుకోవడం. అమ్మేవాడు ఖాళీయేనని ప్రమాణం చేసినా ఈ పని మానకూడదు. ఆ తర్వాత గుర్రాన్ని, అంటే వెనుక ఉండే సుత్తిని, మెల్లగా వెనక్కి లాగుతూ సిలిండర్ తిరగడాన్ని గమనిస్తారు. సుత్తి పూర్తిగా వెనక్కి చేరేసరికి సిలిండర్ కూడా సరిగ్గా గొట్టానికి ఎదురుగా వచ్చి బిగుసుకోవాలి. ఒక్క అరతో సరిపెట్టకుండా ఆరింటినీ ఇలాగే చూస్తారు. ఐదు అరలు సక్రమంగా నిలిచి ఆరోది వెంట్రుకవాసి వెనుకబడిందంటే, ఆ ఆరో తూటా పేలినప్పుడు సీసపు గుండు గొట్టంలోకి తిన్నగా పోక అంచుకు ఒరుసుకుంటుంది. చెక్కిపోయిన సీసం తునకలు పక్కనున్నవారి ముఖాన పడతాయి. సిలిండర్ ముందు భాగాన, గొట్టం మొదలు దగ్గర సీసపు మరకలు విపరీతంగా పేరుకుని ఉంటే ఈ జబ్బు ఉన్నట్లే.

సుత్తి వెనక్కి లాగి ఉన్న స్థితిలో దాన్ని బొటనవేలితో ముందుకు నెట్టి చూడటం మరో పరీక్ష. ట్రిగ్గర్ నొక్కకుండా అది జారిపోయిందంటే లోపలి మెట్టు అరిగిందన్నమాట. ట్రిగ్గర్ 'వెన్నలా' కదులుతుందని కొందరు అమ్మకందారులు గొప్పగా చెప్పుకునే రివాల్వర్లలో ఈ లోపం బయటపడటం విశేషం. ఎవరో ఔత్సాహికుడు ఆకురాయితో ఆ మెట్టును అరగదీసి ఉంటాడు, లేదా స్ప్రింగును కత్తిరించి ఉంటాడు. అటువంటి ఆయుధం జేబులోనో సంచిలోనో ఉండగా పేలితే బాధితుడు సాధారణంగా దాని యజమానే.

ట్రిగ్గర్ నొక్కి పట్టి సిలిండర్‌ను పక్కలకు, ముందు వెనుకలకు కదిలించి చూస్తారు. పక్కలకు లేశమాత్రం కదలిక సహజమే. ముందు వెనుకల ఊగిసలాట ఎక్కువైతే మాత్రం వాడకం బాగా జరిగిందని అర్థం, ప్రకటనలో 'తక్కువగా వాడినది' అని ఉన్నప్పటికీ. సిలిండర్‌కు, గొట్టానికి మధ్య ఉండే ఎడం మిల్లీమీటరులో పదో వంతు నుంచి పావు వంతు వరకు ఉండవచ్చు. మోటారు మెకానిక్కులు స్పార్క్ ప్లగ్ ఎడాన్ని కొలిచే ఉక్కు రేకులతోనే దీన్నీ కొలుస్తారు. విజిటింగ్ కార్డు అందులో సులువుగా దూరితే బేరం ఆపి ఆలోచించుకోవలసిందే. ఆ సందులోంచి వేడి వాయువులు చిమ్మి గుండు వేగం తగ్గుతుంది, పై పట్టీ కోసుకుపోతుంది.

వెబ్లీ తరహా రివాల్వర్లకు ప్రత్యేకమైన బలహీనత ఒకటుంది. అవి నడుమ విరిచినట్లు తెరుచుకుంటాయి. గొట్టం కింద ఉండే మడత కీలు, పైన పట్టి ఉంచే గొళ్లెం - ప్రతి పేలుడు తాకిడీ ఈ రెండింటిపైనే పడుతుంది. ఒక చేత్తో పిడిని, మరో చేత్తో గొట్టాన్ని పట్టుకుని మెల్లగా ఊపినప్పుడు టిక్కుమన్న శబ్దం వినిపిస్తే గొళ్లెం అరిగిందనుకోవాలి. ఛాయాచిత్రం ఈ శబ్దాన్ని చూపలేదు. వీడియో చిత్రంలో సైతం అమ్మేవాడు ఏది చూపదలచుకుంటే అదే కనిపిస్తుంది.

ఇక గొట్టం. తెల్ల కాగితం వెనుక పెట్టి వెలుతురులోకి చూస్తే లోపలి మెలికల గాడులు పదునైన అంచులతో కనిపించాలి. బెంగాల్ తేమ వాతావరణంలో, వర్షాకాలమంతా తోలు ఒరలో ఉంచిన ఆయుధానికి తుప్పు పట్టడం అనివార్యం. తోలు తేమను పీల్చి ఉక్కుకు అంటిస్తుంది. పాతకాలపు తూటాల టోపీల్లోని రసాయనం గొట్టంలో ఉప్పు వంటి పదార్థాన్ని మిగిల్చేది. పేల్చిన రోజునే నీటితో కడిగి నూనె పట్టించని గొట్టాలు లోలోపలే తినివేయబడ్డాయి. చిన్నపాటి గుంటలు ప్రమాదకరం కావు, గురి మాత్రం చెడుతుంది. నల్లని వలయం కనిపిస్తే అది వేరే సంగతి. ఎప్పుడో ఒక బలహీనమైన తూటా గుండు గొట్టంలోనే చిక్కుకుపోగా, ఆ విషయం తెలియక వెనుకనే మరొకటి పేల్చినందువల్ల గొట్టం ఉబ్బిన గుర్తు అది. పైనుంచి వేళ్లతో తడిమితే ఆ ఉబ్బు తెలుస్తుంది. అటువంటి ఆయుధానికి మరమ్మతు లేదు, గొట్టం మార్చవలసిందే.

కొత్తగా వేసిన నీలిరంగు పూత వాడిన రివాల్వర్ విషయంలో శుభసూచకమని భావించరాదు. పూతకు ముందు లోహాన్ని సానబెడతారు. సానబెట్టినప్పుడు అక్షరాల అంచులు, మరల రంధ్రాల అంచులు మొద్దుబారతాయి. అరిగిన అక్షరాలపై నిగనిగలాడే కొత్త రంగు ఉన్నదంటే దాని కింద గుంటలను దాచారేమో అని అడగవలసి ఉంటుంది. మరల గాడులు చెదిరి ఉండటం అనుభవం లేనివారు విప్పి బిగించారనడానికి గుర్తు. పిడి చెక్కలు విప్పించి చూడటం మంచిది. యజమాని నూనె గుడ్డతో తుడిచేది పైభాగాన్నే, చెక్కల కింద ఏముందో చాలామంది యజమానులకే తెలియదు.

బోరు పేరు ఒకటే అయినా తూటాలు వేరన్న సంగతి మరో చిక్కు. రివాల్వర్‌కు వాడే పొడవైన పాయింట్ 32 తూటా, 'అశని' వంటి పిస్తోలుకు వాడే పాయింట్ 32 తూటా ఒకటి కావు. రెండోదాన్ని కొన్ని రివాల్వర్లలో దూర్చవచ్చు. పాతకాలపు తక్కువ ఒత్తిడికి తయారైన సిలిండర్‌కు అది క్షేమకరం కాదు. వెనుకటి యజమాని ఏ తూటాలు వాడాడని అడగడం ఉపయోగకరం. అతడి దగ్గర మిగిలిన పెట్టె చూపించమనడం ఇంకా ఉపయోగకరం.

సంఖ్యే సాక్షి

1914 ఆగస్టు 26న డల్హౌసీ స్క్వేర్ సమీపంలో జరిగిన ఒక ఘటన ఈ నగర చరిత్రలో భాగమైంది. ఆర్.బి.రోడా అనే తుపాకుల కంపెనీకి ఓడలో వచ్చిన 202 పెట్టెలను కస్టమ్స్ నుంచి విడిపించిన గుమాస్తా శ్రీశ్ మిత్రా, వాటిలో 192 మాత్రమే గిడ్డంగికి చేర్చాడు. మిగిలిన పది పెట్టెలు ఎడ్లబండిలో విప్లవకారుల చేతికి చేరాయి. వాటిలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు ఉన్నాయి. 1915 సెప్టెంబరులో బాలాసోర్ వద్ద బాఘా జతిన్ దళం పోలీసులను ఎదిరించింది ఈ మౌజర్లతోనే. ప్రతి పిస్తోలుపై ఉన్న సంఖ్యను రోడా కంపెనీ తన పుస్తకాల్లో రాసుకుని ఉండటం వల్లనే తర్వాతి కాలంలో ఎక్కడ పట్టుబడిన ఆయుధమైనా ఆ పెట్టెల్లోనిదేనా అన్నది బ్రిటిష్ పోలీసులు తేల్చగలిగారు.

నూరేళ్లు దాటినా ఈ సంఖ్య ప్రాముఖ్యం తగ్గలేదు సరికదా పెరిగింది. 1959 నాటి ఆయుధ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం తయారీదారు పేరు, సంఖ్య వంటి గుర్తింపు చిహ్నాలు లేని ఆయుధాన్ని అమ్మడం నిషిద్ధం. అంతటితో ఆగలేదు. చెరిపివేసిన లేదా మార్చిన గుర్తు ఉన్న ఆయుధం ఎవరి వద్ద దొరికితే వారే ఆ పని చేసినట్లు, కాదని వారు రుజువు చేసుకునేంతవరకు, చట్టం భావిస్తుంది. పైన చెప్పిన సానబట్టడం, కొత్త పూత వేయించడం ఇక్కడ అందచందాల వ్యవహారం కాకుండా పోతాయి. తాతగారి రివాల్వర్‌కు మెరుగు పెట్టించే ఉత్సాహంలో సంఖ్యలోని ఒక అంకె మసకబారితే, దాన్ని కొన్న మూడో వ్యక్తి నేరస్థుడి స్థానంలో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. సంఖ్య లైసెన్సులోని సంఖ్యతో సరిపోవడమే కాదు, గొట్టంపైన, సిలిండర్‌పైన, చట్రంపైన ఉన్న సంఖ్యలు పరస్పరం పొసగుతున్నాయా అన్నదీ చూడవలసి ఉంటుంది. పొసగకపోతే భాగాలు మార్చారని అర్థం.

భాగాలు ఎక్కడినుంచి వస్తాయన్న ప్రశ్న కోల్‌కతాకు కొత్తది కాదు. 2018 మే నెలలో నగర పోలీసుల ప్రత్యేక కార్యదళం ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం ఉద్యోగులు సహా కొందరిని అరెస్టు చేసింది. నాణ్యతా పరీక్షలో పనికిరావని పక్కన పడవేసిన విడిభాగాలను బయటకు చేరవేసి, వాటితో ఆయుధాలు కూర్చి అమ్ముతున్నారన్నది అభియోగం. దేశం మొత్తంమీద అత్యంత కఠినమైన తనిఖీ జరిగే చోట 'చెల్లదు' అనిపించుకున్న ఉక్కు, గేటు దాటగానే చెల్లుబాటయిందన్నమాట. బీహార్‌లోని ముంగేర్ నుంచి వచ్చే దొంగ పిస్తోళ్లపై 'మేడ్ ఇన్ యు.ఎస్.ఎ.' వంటి ముద్రలు ఉండటం పోలీసులకు సర్వసాధారణ దృశ్యం. ముద్రను నమ్మి ధర కట్టే బజారులో ముద్ర వేయడమే అన్నిటికంటే చౌకైన పని.

చట్టం అడిగేది, అడగనిది

లైసెన్సుదారు తన సొంత ఆయుధాన్ని మరో లైసెన్సుదారుకు అమ్ముకోవడానికి ఐదో సెక్షన్ వీలు కల్పిస్తున్నది. అయితే అమ్మదలచిన విషయాన్ని ముందుగా జిల్లా మెజిస్ట్రేటుకు లేదా సమీప పోలీసు స్టేషను అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేసిన తర్వాత 45 రోజులు గడవనిదే ఆయుధాన్ని అప్పగించరాదు. కొనేవారి పేరు, చిరునామా, ఆయుధం వివరాలు ఈ సమాచారంలో ఉండాలి. కోల్‌కతా, హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీసు కమిషనర్లు లైసెన్సు అధికారులు. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం ప్రతి లైసెన్సుదారుకు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది, కొత్తగా లైసెన్సు కోరేవారు ఆయుధాల భద్రతపై శిక్షణ పొందవలసి ఉంటుంది. కనుక అంతర్జాలంలో జరిగేది పరిచయం, బేరం మాత్రమే. చీరలు, పుస్తకాల మాదిరిగా రివాల్వర్‌ను పార్సిల్‌లో తెప్పించుకోవచ్చుననుకునేవారు చిక్కుల్లో పడతారు.

ఇదే ఐదో సెక్షన్ ఆయుధాల తయారీ, అమ్మకం, మరమ్మతులతోపాటు 'పరీక్షించడం', 'ప్రూఫ్ చేయడం' అన్న పనులను కూడా లైసెన్సు పరిధిలో చేర్చింది. అంటే 1959లోనే చట్టకర్తలకు ఆ పనులు తెలుసు. కానీ వాడిన ఆయుధం చేతులు మారేముందు వాటిని జరిపించాలని మాత్రం ఆ సెక్షన్ కోరలేదు. బ్రిటన్‌లో పరిస్థితి ఇందుకు భిన్నం. లండన్ తుపాకి పనివారి సంఘానికి 1637లో రాజశాసనం లభించింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నాటిది. మామూలుకంటే అధిక ఒత్తిడి గల తూటాతో పేల్చి, తట్టుకున్న ఆయుధంపైనే ముద్ర వేస్తారు. 1868 నాటి ప్రూఫ్ చట్టం ప్రకారం ఆ ముద్ర లేని ఆయుధాన్నే కాదు, ముద్ర పడిన తర్వాత అరిగి కొలతలు తప్పిన ఆయుధాన్ని అమ్మడం కూడా నేరమే. మన బజారులోని వెబ్లీపై ఉన్న బర్మింగ్‌హామ్ ముద్ర ఆనాటి పరీక్షకు సాక్ష్యం. ఆ తర్వాత డెబ్బై వర్షాకాలాలు దాటాయి.

అమెరికాలో సైతం 1968 నాటి చట్టం ప్రకారం మరో రాష్ట్రపు వ్యక్తి నుంచి కొన్న తుపాకి లైసెన్సు గల డీలరు వద్దకే చేరాలి. అక్కడ పరిశీలించి, నచ్చకపోతే కొద్ది రోజుల్లో వాపసు చేసే ఆనవాయితీ చాలామంది అమ్మకందారులు పాటిస్తున్నారు. స్థితిని వర్ణించడానికి 'ఎక్సలెంట్', 'వెరీ గుడ్', 'గుడ్', 'ఫెయిర్' వంటి శ్రేణులకు అక్కడి రైఫిల్ సంఘం నిర్వచనాలు రూపొందించింది. ఆ నిర్వచనాల్లో 'గుడ్' అన్నా భద్రంగా పనిచేసేదని అర్థం. మన ప్రకటనల్లోని 'చాలా బాగుంది' అనే మాటకు అటువంటి అర్థమేదీ లేదు.

మోసపోయిన కొనుగోలుదారుకు 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం కొంత ఆసరా ఇస్తుంది, కొంత ఇవ్వదు. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు తగినట్లు ఉండి తీరాలని 15వ సెక్షన్ చెబుతున్నది. నాణ్యతకు సంబంధించిన హామీ మాత్రం 16వ సెక్షన్ ప్రకారం ఆ సరుకుతో వ్యాపారం చేసేవారికే వర్తిస్తుంది. తన ఒక్క రివాల్వర్ అమ్ముకునే విశ్రాంత అధికారికి అది వర్తించదు. పైగా కొనేవాడు సరుకును పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో బయటపడవలసిన లోపాలకు తర్వాత ఫిర్యాదు చెల్లదు. చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, తల ఊపి డబ్బిచ్చిన వ్యక్తి సగం హక్కును అక్కడే వదులుకుంటున్నాడు. కనుక ప్రకటన ప్రతిని భద్రపరచడం, గొట్టం, గొళ్లెం, సుత్తి పనితీరును గురించి అమ్మకందారు చేత రాయించుకోవడం వివేకం. వీలైతే బేరాన్ని లైసెన్సు గల డీలరు ద్వారా నడిపి అతడి మరమ్మతుదారు చేత చూపించడం అంతకంటే వివేకం. డీలరు కమీషన్ భారమని దీన్ని తప్పించుకునేవారే అధికం.

పెరుగుతున్న సరుకు

ఈ సమస్య ఇప్పుడు ముందుకు రావడానికి మరో కారణముంది. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. తొలి బిల్లులో ఒక్కటేనని ప్రతిపాదించగా, వంశపారంపర్య ఆయుధాలను గౌరవంగా భావించే వర్గాల నుంచి వచ్చిన ఒత్తిడితో రెండు చేశారు. మూడో ఆయుధం ఉన్నవారు ఏడాదిలోగా దాన్ని పోలీసు స్టేషనులో గాని డీలరు వద్ద గాని అప్పగించవలసి వచ్చింది. పాత జమీందారీ కుటుంబాల బీరువాల్లో తరాలుగా కదలని ఆయుధాలు ఆ విధంగా బజారు దారి పట్టాయి. యజమాని మరణించినప్పుడు వారసుడికి లైసెన్సు వచ్చేలోగా ఏళ్లు గడవడం, అంతవరకు ఆయుధం డీలరు గదిలోనో స్టేషను మాల్‌ఖానాలోనో ఉండిపోవడం ఇక్కడ పరిపాటి. అక్కడ దానికి నూనె పట్టించే నాథుడు ఉంటాడన్న హామీ లేదు.

తెలుగు రాష్ట్రాల లైసెన్సుదారులకూ ఈ బాధ తెలియనిది కాదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆయుధాలను జమ చేయమన్న ఆదేశాలు వెలువడతాయి. తెలంగాణలో 2023 నవంబరులో శాసనసభకు, 2024 మే నెలలో లోక్‌సభకు ఎన్నికలు జరగడంతో ఆరు నెలల వ్యవధిలోనే రెండు పర్యాయాలు ఆ ఘట్టం ఎదురైంది. శాంతిభద్రతల దృష్ట్యా ఆదేశాన్ని తప్పుపట్టలేము. అయితే జమ చేసేటప్పుడు ఇచ్చే రసీదులో సంఖ్య, బోరు ఉంటే చాలదని, వాపసు తీసుకునేటప్పుడు గొట్టంలోకి ఒకసారి చూసుకోవడం యజమాని బాధ్యతేనని అనుభవజ్ఞులకు తెలుసు.

తుపాకులను ఒత్తిడి పరీక్షకు గురిచేసే సౌకర్యం ఇషాపూర్‌లో ఉంది. డల్హౌసీ స్క్వేర్ నుంచి అక్కడికి సియాల్దా లోకల్ రైలులో గంట ప్రయాణం. కొత్త ఆయుధాలకు వర్తించే ఈ పరీక్షను, యాజమాన్యం మారే ప్రతి పాత రివాల్వర్‌కు వర్తింపజేయడం అసాధ్యమేమీ కాదు. చట్టమే విధించిన 45 రోజుల నిరీక్షణ కాలం అందుకు అవసరమైనదానికంటే ఎక్కువ. లక్షల ధరలో పరీక్ష రుసుము లెక్కలోకి రాదు. అభ్యంతరం ఎక్కడినుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. పరీక్షలో విఫలమైన వెబ్లీకి లక్షల ధర నిలవదు. ధర నిలబడాలని కోరుకునేవారిలో అమ్మకందారు ఒక్కడే లేడు, నిన్న అదే ధరకు కొన్నవాడు కూడా ఉన్నాడు.

ఆయుధం స్థితిని చట్టం సూటిగా ప్రస్తావించిన సందర్భం లేకపోలేదు. 45వ సెక్షన్‌లోని ఒక ఉపవాక్యం ప్రకారం, కాలం చెల్లిన నమూనాకు చెందినదై గాని, పురాతన వస్తువుగా విలువ కలదై గాని, చెడిపోయినదై గాని, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా ఉపయోగించడానికి పనికిరాని ఆయుధానికి ఈ చట్టం వర్తించదు. అంటే చట్టం దృష్టిలో రివాల్వర్‌కు ఉన్నవి రెండే స్థితులు: బాగుచేస్తేనైనా పేలగలిగేది, ఎన్నటికీ పేలనిది. గొళ్లెం అరిగినదీ, గొట్టం ఉబ్బినదీ, మెట్టు జారేదీ అన్నీ మొదటి స్థితిలోకే వస్తాయి. వాటికి లైసెన్సు కావాలి, రెన్యువల్ కావాలి, సంఖ్య సరిపోవాలి. ఇవన్నీ ఉంటే వాటిని ఎన్నిసార్లయినా అమ్ముకోవచ్చు.